తేనెపట్టు అట్టు

కిందటేడు సంక్రాంతికి మా అమ్మాయి న్యూజెర్సీ నుంచి వస్తూ పెట్టెలో బట్టల కింద ఒక ఇనప వస్తువు పెట్టి తెచ్చింది. రెండు పెనాలు ముఖాముఖి పెట్టి, ఒక పక్క కీలు బిగించి, రెండో పక్క పిడి తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. లోపలంతా చదరంగం బల్లలా గళ్ళు. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎలకల బోనా?" అన్నారు.

"వాఫిల్ అచ్చు నాన్నా! కరెంటుది తెద్దామనుకున్నాను గాని, అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ప్లగ్గులో పెట్టగానే మాడి ఊరుకుంటుంది. అంచేత పొయ్యిమీద పెట్టేదే తెచ్చాను," అంది మా అమ్మాయి.

మర్నాడు ఆదివారం. పిండి కలిపి నా చేతికిచ్చి తను పిల్లల స్నానాల పనిమీద వెళ్ళింది. అట్లు పోసీ పోసీ అరిగిపోయిన చెయ్యి నాది. ఈ గళ్ళ అట్టు నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. మొదటిది తెరిచేసరికి అది అడ్డంగా రెండు పొరలుగా చీలి, సగం పై పెనానికీ సగం కింది పెనానికీ అంటుకుని నోరు తెరుచుకుని కూచుంది. పుల్ల పెట్టి గీకి తీశాను. రెండోది మాడింది. మూడోది కుదిరింది. ఇక చూసుకోండి, మనవలిద్దరూ, అల్లుడూ, కూతురూ, మా ఆయనా బల్ల చుట్టూ చేరారు. ఒక్కొక్క వాఫిల్‌కి అయిదు నిమిషాలు. మనిషికి రెండేసి చొప్పున అందరికీ అయ్యేసరికి గంట దగ్గిరపడింది. నా కోసమని ముందే తీసి పళ్ళెంలో ఒకదానిమీద ఒకటి పెట్టుకున్నవి అప్పటికి తడి అట్టముక్కల్లా మెత్తబడి ఉన్నాయి. అవే తిన్నాను. ఏం చేస్తాం?

"ఇలాంటిదాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరే?" అన్నాను.

"బెల్జియం వాళ్ళనుకుంటానమ్మా," అంది.

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. "అనుకుంటాను" అనే మాట వింటే నాకు నిద్ర పట్టదు. పైగా కడుపులో ఆ చల్లారిన వాఫిల్ ఒకటి ఉండనే ఉంది. పుస్తకాలు తిరగేశాను. తిరగేసినకొద్దీ తేలిందేమిటంటే, నేను ఆ ఉదయం పడ్డ పాట్లన్నీ యూరపులో ఆరేడు వందల ఏళ్ళుగా ఎవరో ఒకరు పడుతూనే ఉన్నారు. ఒక్కొక్క కాలంవాళ్ళు ఒక్కొక్క చిక్కు విప్పారు. వాళ్ళు విప్పినవన్నీ పోగు చేసుకుంటే ఇంట్లో మంచి వాఫిల్ చెయ్యడం వచ్చేసినట్టే.

ముందు పేరు సంగతి. వాఫిల్ అన్నది డచ్చివాళ్ళ 'వాఫెల్' నుంచి వచ్చిన మాట. జర్మనులు తేనెపట్టుని 'వాబె' అంటారు. రెండూ ఒకే ఇంటి మాటలు; నెయ్యడం, అల్లడం అనే అర్థమున్న పాత ధాతువు నుంచి పుట్టినవి. కొట్లో ఆలుగడ్డ ముక్కల్ని మనం 'వేఫర్స్' అని కొనుక్కుంటున్నామే, ఆ మాటా ఈ కుటుంబంలోదే. ఫ్రెంచివాళ్ళు 'గోఫ్ర్' అంటారు. తేనెపట్టు అట్టు అని మనం తెనిగిస్తే తప్పులేదు. పైగా ఆ గళ్ళు అందానికి మాత్రమే పెట్టినవి కావు. అట్టు పైభాగం విస్తీర్ణం పెరిగి ఎక్కువ మేర కరకరలాడుతుంది. గుంటల దగ్గిర పలచగా ఉండి లోపలిదాకా తొందరగా కాలుతుంది. పాకం పోస్తే పారిపోకుండా ఆ గుంటల్లో నిలుస్తుంది.

అయితే మొదట్లో గళ్ళు లేవు. మధ్యయుగాల యూరపులో చర్చిల్లో ప్రార్థనలప్పుడు పంచే పలచని అప్పాలు ఉంటాయి కదా, వాటిని రెండు ఇనప బిళ్ళల మధ్య నొక్కి కాల్చేవారు. పొడుగాటి పట్టకారు లాంటి సాధనం. కొసల్లో రెండు చదునైన బిళ్ళలు, వాటిమీద శిలువో, మతానికి సంబంధించిన బొమ్మో చెక్కి ఉండేది. కమ్మరి ఒకసారి పట్టకారు చెయ్యడం నేర్చాక అది గుడిలోనే ఆగుతుందా? అలాంటి అచ్చులే వీధిలోకీ ఇళ్ళలోకీ వచ్చాయి. వీధిలో అమ్మే పలచని అప్పాలని పారిస్‌లో 'ఉబ్లీ'లనేవారు. బొమ్మల స్థానంలో ఇంటి చిహ్నాలూ, పెళ్ళినాటి తేదీలూ, చివరికి తేనెపట్టు గళ్ళూ చెక్కడం మొదలుపెట్టారు. పెళ్ళికి కానుకగా అచ్చు ఇవ్వడం చాలాచోట్ల ఆచారమైంది. ఇటలీలో అబ్రుజ్జో ప్రాంతం వాళ్ళు ఇప్పటికీ అలాంటి పాత అచ్చుల్ని, ఇంటిపేరు అక్షరాలు చెక్కినవి, దాచుకుంటారు. మనవాళ్ళు గిన్నెలమీద పేర్లు కొట్టించుకున్నట్టే.

ఇక్కడ మీకొక పెద్దమనిషిని పరిచయం చెయ్యాలి. ఆయన పేరు ఎవరూ నిలిపి ఉంచలేదు. 1393 ప్రాంతంలో పారిస్‌లో ఉండేవాడు. కలవాడు, వయసు మళ్ళినవాడు. పెళ్ళాడిన పిల్లకి పదిహేనేళ్ళు. ఆ పిల్లకి ఇంటి మర్యాదలూ, తోటపనీ, వంటా నేర్పడానికి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 'ల మెనాజియె ద పారీ' అంటారు దాన్ని. ఆయన స్వయంగా ఎన్నిసార్లు గరిటె పట్టుకున్నాడో గాని, రాయడం మాత్రం పక్కాగా రాశాడు. అందులో గోఫ్ర్‌లు నాలుగు విధాలు చెప్పాడు. మొదటిది: గుడ్లు గిలకొట్టి, ఉప్పూ వైనూ వేసి, పిండి కలిపి, అచ్చులో కొంచెం కొంచెంగా వేసి నొక్కి రెండువైపులా కాల్చడం. రెండోది పిండి పొరల మధ్య జున్ను ముక్కలు పెట్టి నొక్కేది. మూడోది తురిమిన జున్ను కలిపి పిండి జారుగా చేసుకునేది. నాలుగోది గుడ్డూ జున్నూ ఏమీ లేకుండా ఉత్త నీళ్ళూ ఉప్పూ వైనుతో. వైను మాట మరిచిపోతే, గుడ్డు ముట్టని మా అత్తగారికి కూడా పనికొచ్చే వాఫిల్ 600 ఏళ్ళ కిందటే ఉందన్నమాట.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆయన జోడించిన చిన్న మాట. పిండి అచ్చుకి అంటుకుంటే నూనెలోనో కొవ్వులోనో ముంచిన గుడ్డపీలికతో అచ్చుని తుడవమన్నాడు. అది చదివి నేను లేచి వంటింట్లోకి వెళ్ళి మా పెనం చూశాను. పక్కనే గిన్నెలో నూనె, నూనెలో గుడ్డ చుట్టిన పుల్ల. ఇంకొకరింట్లో సగం కోసిన ఉల్లిపాయ ఉంటుందేమో. పారిస్ ముసలాయనా మనమూ ఒకే సంగతి కనుక్కున్నామన్నమాట.

అంటుకోవడంలో ఉన్న కిటుకు ఇదీ. ఇనుము బాగా వేడెక్కి ఉంటే పిండి తగలగానే అందులో నీరు ఆవిరై ఒక్క క్షణం పిండిని ఎత్తి పట్టుకుంటుంది. ఈలోపున అడుగు పొర గట్టిపడుతుంది. ఇనుము వేడెక్కకపోతే గుడ్డులో, పాలలో ఉండే మాంసకృత్తులు నింపాదిగా లోహాన్ని కరుచుకుంటాయి. ఆ తరవాత దేవుడు దిగొచ్చినా వదలవు. మా నాయనమ్మ దగ్గిర గులాబీ పువ్వుల అచ్చు ఉండేది. కాగే నూనెలో అచ్చుని ముందు బాగా కాల్చి, అప్పుడు పిండిలో ముంచేది, అదీ అంచు పైకి రాకుండా ముప్పావు వంతే. అచ్చు చల్లగా ఉంటే పిండి పట్టదు, అంచు దాటి ముంచితే పువ్వు ఊడిరాదు. స్వీడన్, నార్వే దేశాల్లో కూడా అచ్చంగా ఇలాంటి అచ్చులతోనే ఇలాంటి పువ్వులు వేయిస్తారు. గులాబీ పువ్వులో అచ్చు లోపల, పిండి బయట. వాఫిల్‌లో పిండి లోపల, అచ్చు బయట. ఇనుము కాలాలన్న ధర్మం మాత్రం ఒక్కటే. కనక ఆ మొదటి ఆదివారం నాడు నేను చేసిన మొదటి తప్పు తొందర. అచ్చుని రెండువైపులా తిప్పి కాల్చి, నీటిచుక్క వేస్తే గోళీలా గెంతేదాకా ఆగవలసింది.

ఈ అట్లు జనానికి ఎంత పిచ్చి పట్టించాయో చూడాలంటే బ్రూగెల్ అనే చిత్రకారుడు 1559లో వేసిన బొమ్మ చూడాలి. వియన్నాలో ఉంది. ఉపవాస దినాలకు ముందు జరిగే ఉత్సవానికీ, ఉపవాసానికీ యుద్ధమన్నమాట అందులో విషయం. ఉత్సవం పక్షాన ఒక మనిషి గళ్ళ వాఫిల్‌ని తలపాగాలాగా నెత్తికి కట్టుకుని పాచికలాడుతుంటాడు. గుడ్లూ వెన్నా నిషేధించే నలభై రోజులు రాబోతున్నాయి గనక, ఉన్న గుడ్లూ వెన్నా చెల్లించెయ్యడానికి వాఫిల్ మంచి సాకు. మరుసటి ఏడాది, అంటే 1560లో, ఫ్రాన్సు రాజు తొమ్మిదో ఛార్లెస్ పేర ఒక ఉత్తర్వు వచ్చిందంటారు. వీధిలో ఈ అప్పాలమ్మేవాళ్ళు బేరాలకోసం కొట్టుకు చస్తున్నారు కాబట్టి ఒకడికీ ఇంకొకడికీ మధ్య కనీసం రెండు తువాజులు, అంటే సుమారు 13 అడుగుల ఎడం ఉండాలని. రాజుగారికి అప్పటికి పదేళ్ళు. పదేళ్ళ పిల్లవాడి రాజ్యంలో మొదట తేలవలసిన తగాదా అప్పాలదే కావడం న్యాయంగానే ఉంది.

డచ్చి దేశం ఈశాన్యాన గ్రోనింగెన్, ద్రెంతె ప్రాంతాల్లో ఒక ముచ్చటైన ఆచారం ఉంది. ఏడాది చివరి రోజుల్లో పలచని వాఫిల్‌ని చదునుగా ఉంచి తింటారు, గడిచిన ఏడాది పూర్తిగా విప్పి చూసేశాం గనక. జనవరి ఒకటి నుంచి అదే వాఫిల్‌ని వేడిమీద గొట్టంలా చుట్టి తింటారు. రాబోయేదానిలో ఏముందో ఇంకా తెలియదు గనక. స్వీడన్ వాళ్ళు మరో రకం. మార్చి 25 వాళ్ళకి మేరీమాత పండగ. దాని పేరు 'వోర్‌ఫ్రూదాగెన్'. జనం నోట నలిగి అది 'వోఫెల్‌దాగెన్' అయింది, అంటే వాఫిల్ రోజు. ఇంకేం, ఆ రోజున దేశమంతా వాఫిల్ తింటుంది. నాలుక తడబడినందుకు ఇంత రుచికరమైన శిక్ష నేనెక్కడా వినలేదు.

డచ్చివాళ్ళు అమెరికా వెళ్తూ అచ్చులు వెంట తీసుకువెళ్ళారు. న్యూయార్కుకి అప్పటి పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్. 1744 నాటికే అక్కడ వాఫిల్ విందులు జరిగేవి. అలాంటి విందు గురించి రాసిన విలియం లివింగ్‌స్టన్ తరవాత న్యూజెర్సీకి మొదటి గవర్నరయ్యాడు. ఈ సంగతి ఫోనులో చెబితే మా అల్లుడు తెగ గర్వపడ్డాడు, ఆయనేదో తన పింతండ్రి అయినట్టు.

చాలా పుస్తకాల్లో మాత్రం వాఫిల్‌ని అమెరికాకి తెచ్చినవాడు థామస్ జెఫర్సన్ అని ఉంటుంది. అది నిజం కాదు. తారీఖులు చూస్తేనే తెలుస్తుంది. నిజమల్లా, ఆయన ఫ్రాన్సులో రాయబారిగా ఉన్న రోజుల్లో 1788లో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి వాఫిల్ అచ్చులు కొన్నాడు. ఆయన లెక్కల పుస్తకంలో ఉంది. కానీ ఆ లెక్కల పుస్తకంలో పైకి కనబడని మనిషి ఒకడున్నాడు. జేమ్స్ హెమింగ్స్. జెఫర్సన్‌కి బానిస. 1784లో అతన్ని పారిస్ తీసుకువెళ్ళి ఫ్రెంచి వంట నేర్పించారు. ఫ్రాన్సు గడ్డమీద బానిసత్వం చట్టరీత్యా చెల్లదు. అయినా 1789లో యజమానితోపాటు తిరిగి వచ్చేశాడు. తన బదులు మరొకరికి ఆ వంటంతా నేర్పితే విడుదల చేస్తానని 1793లో జెఫర్సన్ కాగితం రాసిచ్చాడు. జేమ్స్ తన తమ్ముడు పీటర్‌కి నేర్పాడు. 1796లో విడుదలయ్యాడు. తమ్ముడు ఆ పొయ్యి దగ్గిర మిగిలాడు. జెఫర్సన్ బల్లమీద వేడి వేడిగా వడ్డించిన వంటకాల గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఈ అన్నదమ్ములే గుర్తొస్తారు. వేడి వాఫిల్ అంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గిర నిలబడి ఉన్నారన్నమాటే కదా. నేను ఆదివారం నాడు గంట నిలబడినందుకే ఇంత రాద్ధాంతం చేస్తున్నాను. వాళ్ళు జీవితాలే నిలబడ్డారు.

ఆ వర్జీనియా రాష్ట్రం నుంచే మేరీ రాండాల్ఫ్ అనే ఆవిడ రాసిన వంటల పుస్తకం వచ్చింది. 1824లో మొదట అచ్చయి, తరవాత ఎన్నో ముద్రణలు పొందింది. అందులో అన్నంతో చేసే వాఫిల్ ఉంది! రెండు పాళ్ళు బియ్యం మెత్తగా వండి, మూడు పాళ్ళు పిండి, కొంచెం ఉప్పు, కరిగించిన వెన్న రెండు ఔన్సులు, రెండు గుడ్లు, చిక్కని జారుకి తగినన్ని పాలు. తేలికపడేదాకా గిలకొట్టి అచ్చులో పొయ్యడం. అమెరికా దక్షిణ తీరంలో వరి పండించినవాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. ఆ బియ్యమే ఈ పిండిలోకి వచ్చింది. రాత్రి మిగిలిన అన్నం ఏం చెయ్యాలా అని చూసే ఇంటికి ఇంతకంటె మంచి వంటకం లేదు. నేను చేసి చూశాను. పైన కరకర, లోపల దిబ్బరొట్టె మెత్తన.

తరవాతి చిక్కు పొంగడం. పూర్వం ఈస్టో, సారాయి తెట్టో కలిపి రాత్రంతా నానబెట్టేవారు. మనం పిండి పులియబెట్టినట్టే. రుచీ అలాగే వస్తుంది. ఈ ఓపిక లేనివాళ్ళకోసం రసాయనశాస్త్రం వచ్చింది. ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందులషాపాయన భార్యకి గుడ్లు పడవు, ఈస్టూ పడదు. ఆవిడకోసం 1837లో గుడ్డులేని కస్టర్డ్ పొడి చేశాడు, 1843లో బేకింగ్ పౌడరు చేశాడు. ప్రపంచంలో ఎంతమంది మగాళ్ళు భార్యకి పడనివాటి గురించి ఇంత ఆలోచించారో నాకు తెలియదు. మా ఇంట్లో అయితే "పడకపోతే మానెయ్" అంటారు. బేకింగ్ పౌడరులో ఉన్నవి సోడా, ఒక పులుపు, కొంచెం గంజిపొడి; తడి తగిలి, వేడి తగిలి బొగ్గుపులుసు గాలి పుడుతుంది. ఇంట్లో అది లేకపోతే పుల్లమజ్జిగ, వంట సోడా చాలు. గుడ్డు వద్దనేవారికి దారి కూడా అదే.

ఇక తిప్పడం. నిప్పుల పైన పొడుగాటి పట్టకారు తిప్పడం ఒక తంటా, చేతులు కాలడం మరో తంటా. 1869 ఆగస్టు 24న న్యూయార్కు రాష్ట్రంలో ట్రాయ్ పట్టణవాసి కార్నీలియస్ స్వార్ట్‌వుట్ ఒక అచ్చుకి పేటెంటు పుచ్చుకున్నాడు. పేరులోనే డచ్చి వాసన. పొయ్యిమీద ఒక ఇనప వలయం, అందులో కూచునే అచ్చు. పిడి పట్టుకుని తిప్పితే వలయంలోనే బోర్లా పడుతుంది. అమెరికాలో ఇప్పటికీ ఆగస్టు 24ని వాఫిల్ రోజుగా చేసుకుంటారు. మా అమ్మాయి తెచ్చింది ఈ జాతిదే.

ఆ తరవాత వచ్చింది కరెంటు. 1911లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ నమూనా తయారుచేసింది. 1920 వచ్చేసరికి బజారులో దొరుకుతున్నాయి. నా దృష్టిలో వాఫిల్ చరిత్రలో అసలు విప్లవం ఇదే, అయితే వేడి గురించి కాదు. అచ్చు పొయ్యిని వదిలి భోజనాల బల్లమీదికి వచ్చింది. ఆ రోజుల కరెంటు వాఫిల్ అచ్చులు చూడండి, వెండిలా తళతళలాడే మూతలు, పూల నగిషీలు, కిందకి కారిన పిండిని పట్టే పళ్ళాలు. వంటింట్లో దాచే వస్తువుకి అంత సింగారం దేనికి? అవి బల్ల మధ్య పెట్టడానికి చేసినవి. 1920లు, 30ల్లో అక్కడ వాఫిల్ పార్టీలు పెద్ద వేడుక. ఇంటావిడ కుర్చీలోంచి లేవకుండా, అతిథులతో మాట్లాడుతూ, పోసి తీసి ఇచ్చేది. మొదటిసారిగా వాఫిల్ చేసే మనిషి తినేవాళ్ళతోపాటు కూచుంది.

కూచుందో లేదో, కంపెనీలు ఆ శ్రమ కూడా ఎందుకన్నాయి. కాలిఫోర్నియాలో డోర్సా సోదరులు 1953లో ముందే కాల్చి మంచులో గడ్డకట్టించిన వాఫిల్ అమ్మకానికి పెట్టారు; తరవాత దానికే 'ఎగో' అని పేరొచ్చింది. వాటి గురించి నాకు చెప్పడానికేమీ లేదు.

బెల్జియం మాటకొద్దాం, మా అమ్మాయి మాట పూర్తిగా కొట్టెయ్యకూడదు. బెల్జియంలో 'బెల్జియన్ వాఫిల్' అని విడిగా ఏమీ లేదు. బ్రసెల్స్‌ది ఉంది, దీర్ఘచతురస్రం, ఈస్టూ నురగలాంటి తెల్లసొనా వేసిన తేలికపాటిది. లియేజ్‌ది ఉంది, ముద్దలాంటి పిండిలో పంచదార పలుకులు వేసి కాల్చితే అవి కరిగి మెరుపు పట్టేది. 1964లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి మారిస్ వెర్మెర్ష్ అనే బ్రసెల్స్ ఆయన, భార్య రోజ్ చేసే పద్ధతిలో వాఫిల్ దుకాణం పెట్టాడు. మొదట 'బ్రసెల్స్ వాఫిల్' అని బోర్డు పెట్టాడు. బ్రసెల్స్ ఎక్కడుందో అమెరికావాళ్ళకి తెలియదని గ్రహించి 'బెల్-జెమ్' అని మార్చాడు. పైన స్ట్రాబెరీలు, గిలకొట్టిన మీగడ. జనం బారులు తీరారు. అంతకు రెండేళ్ళ ముందు సియాటిల్ ప్రదర్శనలో వాల్టర్ క్లేమన్ అనే మరొకాయన ఇలాంటివే అమ్మాడు గాని, పేరు నిలిచిపోయింది న్యూయార్కు తరవాతే. వంటకం భార్యది, పేరు దేశానిది, పేపర్లో ఫొటో ఆయనది. సరే.

దారిలో రెండు చిన్న ముచ్చట్లు. ఐస్‌క్రీమ్ కోన్ కూడా చుట్టిన వాఫిలే. 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనలో సిరియా దేశస్థుడు ఎర్నెస్ట్ హామ్వీ, పక్క కొట్టు ఐస్‌క్రీమ్ వాడికి గిన్నెలు అయిపోతే తను అమ్ముతున్న పలచని అప్పాలు చుట్టి ఇచ్చాడని కథ. ఆ గౌరవం తమదేనన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఆ అప్పాల పేరు 'జలాబియా'. మన జిలేబీ ఆ మాటలోంచి వచ్చిందే! రెండో ముచ్చట బూట్లది. ఆరెగన్ రాష్ట్రంలో బిల్ బోవర్మన్ అనే పరుగుపందేల శిక్షకుడు 1970ల మొదట్లో బూటు అడుగుకి పట్టు ఎలా తేవాలా అని ఆలోచిస్తూ, భార్య పెళ్ళికానుకగా వచ్చిన వాఫిల్ అచ్చులో రబ్బరు లాంటి యూరిథేన్ పోశాడు. లోపల జిడ్డు రాయలేదు. అచ్చు మూసుకుపోయి ఇక తెరుచుకోలేదు. పారిస్ ముసలాయన పుస్తకం చదివి ఉంటే ఆ అచ్చు దక్కేది. ఆయన మాత్రం వేరే అచ్చులు కొని పని సాధించాడు. నైకీ కంపెనీ బూట్లు వాటి అడుగుతోనే పేరు పొందాయి. చెత్తగోతిలో పారేసిన ఆ పాత అచ్చు 2010లో మళ్ళీ దొరికింది.

ఇక నేను ఇప్పుడు చేస్తున్న పద్ధతి. మైదా రెండు కప్పులు. అందులోంచి నాలుగు చెంచాలు తీసేసి ఆ మేరకు బియ్యప్పిండి వేస్తాను, రవ్వట్టులో వేసినట్టే, కరకర కోసం. బేకింగ్ పౌడరు మూడు టీ చెంచాలు, ఉప్పు అర చెంచా, పంచదార ఒక పెద్ద చెంచా. పంచదార ఎక్కువైతే మాడుతుంది, అంటుకుంటుంది. వేరే గిన్నెలో రెండు పచ్చసొనలు, ఒకటి ముప్పావు కప్పు పాలు, కరిగించిన వెన్న అర కప్పుకి కాస్త తక్కువ. వెన్న చూసి జంకవద్దు. అట్టుకి పెనంమీద వేసే నూనె ఇక్కడ పిండిలోనే ఉండాలి. రెండూ కలిపి నాలుగు తిప్పులు తిప్పి వదిలెయ్యాలి, ఉండలున్నా ఫరవాలేదు. మైదాని ఎక్కువ కలియబెడితే సాగుడు పుట్టి వాఫిల్ తోలులా అవుతుంది. చివరికి తెల్లసొన రెండూ నురగ నిలబడేలా గిలకొట్టి, పైపైన మడతపెట్టినట్టు కలపాలి.

అచ్చులో అంచులదాకా పొయ్యకూడదు. మూత వేస్తే అదే పరుచుకుంటుంది. మూసిన తరవాత తెరవకూడదు. ఇదే కష్టం. పక్కలనుంచి ఆవిరి బుసబుసా వస్తుంటుంది. ఆవిరి తగ్గిందంటే లోపల తడి పోయిందని గుర్తు. అంతకు ముందు తెరిస్తే, ఇంకా పచ్చిగా ఉన్న నడుమ దగ్గిర చీలి రెండు పెనాలూ చెరిసగం పంచుకుంటాయి. నా మొదటి వాఫిల్ చరిత్ర అదే.

వడ్డన ఇంకా ముఖ్యం. కాలిన వాఫిల్‌లో కూడా ఆవిరి ఉంటుంది. పళ్ళెంలో పెట్టినా, ఒకదానిమీద ఒకటి పేర్చినా ఆ ఆవిరి బయటికి పోలేక నీరై మళ్ళీ దానిలోనే ఇంకుతుంది. తీగల జల్లెడలాంటి దానిమీద విడివిడిగా ఉంచాలి. ఓవెన్ ఉన్నవాళ్ళు 100 డిగ్రీల దగ్గిర అలా ఉంచితే ఇరవై నిమిషాలదాకా కరకర పోదు. పైన వెన్న, ఆ పైన పాకం. అక్కడివాళ్ళకి మేపుల్ చెట్టు పాకం. 40 లీటర్ల రసం మరిగిస్తే లీటరు పాకం తేలుతుందట, అంచేత ఆ ధర. మన బెల్లం పాకంలో ఇంత యాలకుల పొడి వేస్తే దానికేమీ తీసిపోదు. పాకం వేడిగా ఉండాలి, పొయ్యడం తినేముందే జరగాలి.

ఇదంతా తెలిశాక నేను చేసిన మొదటి పని, మన కరెంటుకి సరిపోయే అచ్చు బజార్లో ఒకటి కొనడం. వంటింట్లో పెట్టలేదు. భోజనాల బల్ల మధ్య పెట్టాను. పిండిగిన్నె పక్కన పెట్టి, "ఎవరిది వాళ్ళు పోసుకోండి" అన్నాను. మొదటిది నేను పోసుకుని, ఆవిరి ఆగేదాకా కాళ్ళు చాపుకుని కూచుని, తీసి పళ్ళెంలో వేసుకున్నాను.

రెండోది మా ఆయన వంతు. రెండు నిమిషాలు ఓపిక పట్టారు. మూడో నిమిషంలో మూత ఎత్తారు. సగం పైన, సగం కింద.

"ఇదేమిటి, ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు.

"పుల్ల పెట్టి గీకండి," అన్నాను, నా దానిమీద బెల్లం పాకం పోసుకుంటూ.